ఆపరేషన్‌కి ముందు 12 రోజులు: "పరగడుపున రండి" అన్న ఒక్క మాట చాలదు

మీ నాన్నగారికి 64 ఏళ్లు, ఇంకో 12 రోజుల్లో గాల్‌బ్లాడర్ తీసే ఆపరేషన్, షుగరూ బీపీ ఉన్నాయి, రెండేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు, రోజుకి నాలుగైదు సిగరెట్లు కాలుస్తారు, ఆస్పత్రిలో "ఆ రోజు పరగడుపున రండి" అని ఒక్క ముక్క చెప్పి పంపేశారు, ఈలోపు ఇంట్లో మేం ఏం చేయాలి అని అడిగారు. నేను ఇరవై రెండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం చేసింది ఇదే పని: ఆపరేషన్ ఉన్నవాళ్లని ముందు రోజుల్లో కూర్చోబెట్టుకుని వివరాలు రాసుకోవడం, పరీక్షలు సరిచూడటం, వాళ్లని సిద్ధం చేసి థియేటర్ తలుపు దాకా తీసుకెళ్లడం. నేను డాక్టర్ని కాను. ఏ మాత్ర ఏ రోజు ఆపాలో నేను నిర్ణయించి చెప్పకూడదు, చెప్పను. కానీ ఏ మాత్ర గురించి తప్పకుండా అడగాలో, ఏ సంగతి దాచకూడదో మాత్రం గట్టిగానే చెబుతాను.

ఎందుకంటే ఇన్నేళ్లలో ఆపరేషన్ చివరి నిమిషంలో వాయిదా పడినా, మత్తు ఇచ్చాక ఏదైనా ఇబ్బంది వచ్చినా, తర్వాత వెనక్కి వెళ్లి చూస్తే చాలాసార్లు తేలేది ఏమిటంటే, ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే ఏదో మాకు తెలియలేదు. షుగర్ ఉందని తెలిస్తే దానికి తగ్గ ఏర్పాట్లు చేసుకుంటాం, గుండె బలహీనంగా ఉందని తెలిస్తే మత్తు డాక్టరు దానికి తగ్గ మందులు ఎంచుకుంటారు. తెలియనిదానికి ఎవరూ ఏమీ చేయలేరు. కాబట్టి ఈ 12 రోజుల్లో మీ మొదటి పని నాన్నగారి గురించిన వివరాలన్నీ ఒకచోటికి చేర్చడం. సామాను సర్దుకోవడం ఆ తర్వాత చూసుకోవచ్చు.

మందులతోనే మొదలుపెట్టండి. ఒక సంఘటన చెబుతాను. ఒక పెద్దాయన, ఇంచుమించు మీ నాన్నగారి వయసే, నేను అడిగితే "బీపీ మాత్ర ఒక్కటేనమ్మా, ఇంకేం లేవు" అన్నారు. పక్కన కూర్చున్న కూతురు ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి రబ్బరు బ్యాండు చుట్టిన ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఏడు రకాల మాత్రలు. వాటిలో ఒకటి రక్తం పలచబరిచేది. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయన లెక్కలో "మందు" అంటే బీపీ మాత్రే, మిగతావి రోజూ అలవాటుగా వేసుకునేవి! అలాగే చాలామంది స్ట్రిప్ కత్తిరించి రెండు మాత్రలు జేబులో వేసుకొస్తారు, పేరు ఉన్న ముక్క ఇంట్లోనే ఉండిపోతుంది. అందుకని స్ట్రిప్పులన్నీ ముక్కలు చేయకుండా, పెట్టెలతో సహా ఒక కవర్లో వేయండి. కంట్లో వేసే చుక్కలు, పీల్చే మందు, మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడూ వేసుకునే మాత్ర, నిద్ర మాత్ర, ఎవరో చెబితే వాడుతున్న మూలికల పొడి, విటమిన్లు, అన్నీ. మూలికలవి కదా, ఏం చేస్తాయిలే అనుకోవద్దు. వెల్లుల్లి, జింకో, జిన్‌సెంగ్ క్యాప్సూళ్లు రక్తం గడ్డకట్టే తీరుని మార్చగలవు, అందుకే వాటిని ఒకటి రెండు వారాల ముందే ఆపమంటారు.

మీ విషయంలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది స్టెంట్ మందులు. ఇవాళే ఫోన్ చేయండి, రేపటికి వాయిదా వేయొద్దు. స్టెంట్ ఉన్నవాళ్లకి మామూలుగా ఆస్పిరిన్ ఉంటుంది, కొందరికి దాంతోపాటు క్లోపిడోగ్రెల్ కూడా ఉంటుంది, రెండూ రక్తం గడ్డకట్టకుండా చూసేవే. ఆస్పిరిన్ ఒకసారి పనిచేసిన ప్లేట్‌లెట్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణం) మళ్లీ మామూలు స్థితికి రాదు, దాని ఆయుష్షు 7 నుంచి 10 రోజులు, శరీరం కొత్తవి తయారుచేసుకుంటేనే ఆ ప్రభావం పోతుంది. క్లోపిడోగ్రెల్ ఆపాలనుకుంటే మామూలుగా 5 రోజుల ముందు ఆపుతారు. అంటే ముందు రోజు గుర్తొచ్చి ఆపినా ఉపయోగం ఉండదు, అందుకే ఫోన్ ఇవాళే చేయమంటున్నాను. కానీ దయచేసి ఇంట్లో మీరే కూర్చుని "ఆపరేషన్ కదా, రక్తం పోతుందేమో" అని వాటిని ఆపేయొద్దు. స్టెంట్‌లో గడ్డ కడితే అది గుండెపోటే. చాలామంది స్టెంట్ రోగులకి ఆస్పిరిన్ ఆపకుండానే ఆపరేషన్ చేస్తారు. ఆపాలా, కొనసాగించాలా, ఆపితే ఎన్ని రోజులు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అనేది గుండె డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం. ఆ జవాబు నోటిమాటగా కాకుండా కాగితం మీద, తేదీలతో రాయించుకోండి. "రెండు రోజులు ముందు ఆపండి" అంటే ఒకరు ఆపరేషన్ రోజుని కలిపి లెక్కపెడతారు, ఇంకొకరు కలపరు. ఫలానా తేదీ రాత్రి వేసుకునేది చివరి మాత్ర అని రాసి ఉంటే ఆ తికమక ఉండదు. చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా రక్తం పలచబరిచే వార్‌ఫరిన్ వాడేవాళ్లుంటే వాళ్లకీ ఇదే మాట: అది మామూలుగా 5 రోజుల ముందు ఆపి, రక్త పరీక్ష చేసి చూసుకునే మందు, ఆఖరి రోజు అడిగితే కుదరదు.

షుగర్ మందుల్లో కూడా అన్నీ ఒకలాంటివి కావు. మెట్‌ఫార్మిన్ ఆపరేషన్ రోజు ఉదయం వద్దంటారు. తినకుండా ఉన్నప్పుడు షుగర్‌ని మరీ కిందకి దించేసే గ్లిమెపిరైడ్ లాంటివీ ఆ ఉదయం వద్దంటారు. ఇన్సులిన్ అయితే డోసు తగ్గించి చెబుతారు, కొందరికి పూర్తిగా ఆపడం ప్రమాదం కాబట్టి దాన్ని మీ అంతట మీరు మార్చొద్దు. నేను ప్రత్యేకంగా చెప్పదలుచుకున్నది పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రల గురించి, అంటే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి. వీటిని ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందే ఆపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో చెప్పింది, ఎర్టుగ్లిఫ్లోజిన్‌ని అయితే 4 రోజుల ముందు. కారణం ఏమిటంటే, ఇవి వాడుతూ తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది, ఆ సమయంలో షుగర్ మీటర్లో అంకె పెద్దగా ఎక్కువ లేకపోవచ్చు కూడా. మీటరు చూసి అంతా బాగుందనుకుంటాం, లోపల బాగుండదు. ఈ మాత్రలు గుండెకీ కిడ్నీకీ కూడా ఇస్తున్నారు కాబట్టి షుగర్ లేనివాళ్లు వాడుతున్నా చెప్పాల్సిందే. అలాగే బరువు తగ్గడానికో షుగర్‌కో వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లు కడుపు ఖాళీ అవడాన్ని బాగా నెమ్మది చేస్తాయి. గంటలు లెక్కపెట్టి ఉపవాసం ఉన్నా కడుపులో ఆహారం మిగిలి ఉండొచ్చు. బరువు కోసం వేసుకునేవాళ్లు సిగ్గుపడి చెప్పరు, అది మత్తు డాక్టరుకి తెలియడం చాలా ముఖ్యం.

ఇంటి దగ్గర రోజూ షుగర్ చూసి రాసి పెట్టండి, తినకముందు ఒకటి, తిన్నాక ఒకటి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ మధ్య చేయించకపోతే చేయించమని అడగండి. అది 8.5 శాతం దాటి ఉంటే, తొందర లేని ఆపరేషన్ అయితే ముందు షుగర్ అదుపులోకి తెచ్చుకుని రమ్మనే డాక్టర్లు చాలామంది. అలా చెబితే నిరుత్సాహపడొద్దు. షుగర్ ఎక్కువున్న ఒంట్లో గాయం నెమ్మదిగా మానుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది.

బీపీ మందుల సంగతి తొందరగా చెప్పేస్తాను. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి రోజూ వేసుకునేవాళ్లు అకస్మాత్తుగా ఆపకూడదు, ఆ ఉదయం కూడా ఒక గుక్క నీళ్లతో వేసుకోమంటారు. పేరు చివర "ప్రిల్" లేదా "సార్టాన్" ఉన్నవి మత్తులో బీపీ పడిపోయేలా చేయొచ్చు కాబట్టి చాలాచోట్ల ముందు రోజు నుంచే ఆపమంటారు, కొన్నిచోట్ల ఆపొద్దంటారు, మీ డాక్టరు ఏం చెబితే అది. థైరాయిడ్ మాత్ర, ఫిట్స్ మాత్రలు, పీల్చే మందు మామూలుగా ఆపరు. స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడుతున్నవాళ్లు వాటిని ఆపకూడదు సరికదా, ఆపరేషన్ సమయంలో కొంచెం ఎక్కువ అవసరం పడొచ్చు, అందుకే ఆ మాట ముందే చెప్పాలి.

మందుల తర్వాత అడగాల్సింది ఇంట్లోవాళ్లకి ఇదివరకు మత్తు ఇచ్చినప్పుడు ఏమైందన్నది. ఈ ప్రశ్న నేను అడిగితే చాలామంది "మా మేనత్తకి ఏదో అయిందట, ఎప్పటి మాటో, ఇప్పుడెందుకు" అంటారు. ఎందుకో వినండి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 21 ఏళ్ల కుర్రాడు కాలు విరిగి ఆస్పత్రికి వచ్చాడు. అతనికి విరిగిన కాలు గురించి భయం లేదు, మత్తు గురించే భయం. ఎందుకంటే వాళ్ల బంధువుల్లో పదిమంది ఈథర్ అనే పాతకాలపు మత్తు మందు ఇచ్చినప్పుడు చనిపోయారు. డాక్టర్లు అతని మాట పట్టించుకుని ఈథర్ బదులు వేరే మందు ఇచ్చారు, అయినా కాసేపటికి ఒళ్లు కాలిపోయేలా వేడెక్కింది, వెంటనే మత్తు ఆపి ఒళ్లు చల్లబరిచి బతికించారు. డెన్‌బరో, లొవెల్ అనే డాక్టర్లు 1960లో ఆ సంగతి ప్రచురించారు. కుటుంబాల్లో వారసత్వంగా వచ్చే ఒక జబ్బు అలా వెలుగులోకి వచ్చింది, మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అంటారు దాన్ని. కొన్ని మత్తు మందులు తగిలితే కండరాలు బిగుసుకుపోయి జ్వరం విపరీతంగా పెరుగుతుంది. ఇప్పుడు దానికి డాంట్రోలీన్ అనే విరుగుడు ఉంది, ముందే తెలిస్తే ఆ మందుల జోలికే వెళ్లకుండా మత్తు ఇవ్వొచ్చు. చాలా అరుదైన జబ్బే, మీ నాన్నగారికి ఉంటుందని కాదు. కానీ ఆ కుర్రాడు భయపడుతూ చెప్పిన ఒక్క కుటుంబ సంగతి ఎంత పని చేసిందో చూడండి. కాబట్టి మీ నాన్నగారి అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి ఫోన్ చేసి అడగండి: ఎవరికైనా మత్తులో ఇబ్బంది అయిందా, ఆపరేషన్ తర్వాత గంటల తరబడి ఊపిరి అందక మిషన్ మీద ఉంచారా, కారణం తెలియకుండా ఆపరేషన్ బల్ల మీదే ఎవరైనా పోయారా?

అలాగే గురక. అమ్మగారిని అడగండి, నాన్నగారిని కాదు, గురక పెట్టేవాళ్లకి తమ గురక తెలియదు. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అయి, మళ్లీ ఉలిక్కిపడి పీలుస్తున్నారా? పగలు కూర్చున్నచోటే కునుకు పడుతున్నారా? ఇలాంటివాళ్లకి ఆపరేషన్ తర్వాత నొప్పి మందుల మగతలో ఊపిరి తగ్గిపోయే ప్రమాదం ఎక్కువ, వాళ్లని ఆ రాత్రి దగ్గరుండి కనిపెట్టుకోవాలి. నిద్రలో ఊపిరి ఆగకుండా రాత్రి ముఖానికి పెట్టుకునే సీప్యాప్ మిషన్ ఉంటే అదీ వెంట తీసుకురావాలి. ఇంకా మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందా, ఒక అంతస్తు ఆగకుండా ఎక్కగలరా, ఏ మందు పడదు, పడకపోతే ఏమవుతుంది (దద్దుర్లా, వాంతా, ముఖం వాపా), ఏ పన్ను కదులుతోంది, మద్యం ఎంత. మద్యం గురించి నిజం చెప్పించండి, పిల్లల ముందు చెప్పలేకపోతే ఒంటరిగా డాక్టరుతో చెప్పమనండి. రోజూ తాగే మనిషి అది దాచి ఆస్పత్రిలో చేరితే రెండో రోజో మూడో రోజో చేతులు వణకడం, అయోమయం, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు, అప్పుడు అది ఆపరేషన్ వల్లనో మందు వల్లనో తెలియక అందరం తల పట్టుకుంటాం.

సిగరెట్ గురించి. "ఇంకెన్ని రోజులున్నాయి, ఇప్పుడు మానితే ఏం లాభం" అని ఆయన అనొచ్చు. ఊపిరితిత్తుల ఇబ్బందులు, గాయం మానకపోవడం బాగా తగ్గాలంటే నాలుగు వారాలో అంతకంటే ఎక్కువో మానితే మంచిదన్నది నిజమే. కానీ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది, అది నాలుగైదు గంటలకి సగానికి తగ్గిపోతుంది. అంటే ఒక్క రోజు మానినా ఆ రోజు గుండెకి అందే ఆక్సిజన్ మెరుగవుతుంది. గుండెకి స్టెంట్ ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు. ఆపరేషన్ దగ్గర పెట్టుకుని మానితే కళ్లె ఎక్కువై ప్రమాదం అని ఒక పాత మాట తిరుగుతూ ఉంటుంది, దానికి ఆధారం లేదు. ఇవాళే మాన్పించండి. మానడం మరీ కష్టంగా ఉంటే నికోటిన్ ప్యాచ్ వాడొచ్చా అని డాక్టర్ని అడగండి. ఇంట్లో ఎవరూ ఆయన్ని తిట్టొద్దు, ఆయన ఇప్పటికే భయంలో ఉన్నారు.

సిగరెట్‌కి పోయే ఆ సమయాన్ని ఊపిరి వ్యాయామానికి వాడండి. 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆస్పత్రుల్లో కడుపు పైభాగంలో పెద్ద కోత పడే ఆపరేషన్లకి వచ్చిన 441 మందితో చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. కొందరికి సూచనలు రాసిన కాగితం ఇచ్చి పంపారు, కొందరికి ఆ కాగితంతోపాటు ఫిజియోథెరపిస్టు ఒక్క అరగంట కూర్చుని, ఆపరేషన్ అయి లేవగానే ఊపిరి ఎలా పీల్చాలో ఎందుకు పీల్చాలో నేర్పారు. అంతే తేడా. కాగితం వాళ్లలో 27 శాతం మందికి ఊపిరితిత్తుల ఇబ్బందులొస్తే, నేర్చుకున్నవాళ్లలో 12 శాతం మందికే వచ్చాయి. మీ నాన్నగారికి చిన్న రంధ్రాలతో చేస్తే అంత ప్రమాదం ఉండదు, కానీ పొగ తాగే మనిషి కాబట్టి నేర్పించండి. నేను నేర్పే పద్ధతి ఇది: నిటారుగా కూర్చోబెట్టి, చేయి కడుపు మీద పెట్టి, ముక్కుతో నెమ్మదిగా, చేయి పైకి లేచేదాకా ఊపిరి తీసుకుని, ఒకటి రెండు మూడు లెక్కపెట్టేదాకా పట్టి, నోటితో నెమ్మదిగా వదలాలి. ఇలా పదిసార్లు. తర్వాత చిన్న దిండు కడుపుకి అదిమి పట్టుకుని రెండు మూడుసార్లు గట్టిగా దగ్గాలి. ఆ దిండు ఎందుకంటే, ఆపరేషన్ తర్వాత కుట్లు లాగుతాయన్న భయంతో దగ్గడం మానేస్తారు, కళ్లె లోపలే ఉండిపోయి న్యుమోనియా వస్తుంది. నొప్పి లేని ఇప్పుడే చేతికి అలవాటైతే, మత్తు దిగిన సాయంత్రం సగం నిద్రలో కూడా ఆ చేయి దిండు వెతుక్కుంటుంది, నేను చాలామందిలో చూశాను. దీంతోపాటు రోజూ నడక, ఆయాసం రాని మేరకు. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువ ఉందంటే దాన్ని వదిలేయకుండా కారణం ఏమిటో, ఆపరేషన్‌కి ముందే ఐరన్ ఇవ్వాలో అడగండి.

ఇప్పుడు పరగడుపు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అదీ రెండు వైపులా. మత్తులో మనం పొలమారితే దగ్గలేం. మేలుకుని ఉన్నప్పుడు గొంతు దగ్గర కాపలా ఉంటుంది, ఒక మెతుకు దారి తప్పినా దగ్గి బయటికి తోసేస్తాం. మత్తులో ఆ కాపలా నిద్రపోతుంది, కడుపులో ఉన్నది ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి జారిపోవచ్చు. 1946లో మెండెల్సన్ అనే డాక్టరు న్యూయార్క్‌లోని ఒక ప్రసూతి ఆస్పత్రిలో 44,016 మంది గర్భిణుల వివరాలు పరిశీలించి, 66 మందికి ఇలా మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందని రాశారు. వాళ్లలో ఇద్దరు చనిపోయారు, గట్టి ఆహారం శ్వాసకి అడ్డుపడి. ఆ తర్వాతే ఉపవాసం నియమం గట్టిపడింది.

అయితే భయం ఎక్కువై "రాత్రి పన్నెండు తర్వాత పచ్చి గంగ కూడా ముట్టొద్దు" అనే దాకా వచ్చింది. ఇప్పుడు చాలా దేశాల మత్తు డాక్టర్ల సంఘాలు చెప్పేది వేరు. నూనె, మాంసం, వేపుళ్లు ఉన్న బరువైన భోజనం అయితే 8 గంటలు లేదా ఇంకా ఎక్కువ, తేలికపాటి ఆహారం అయినా పాలు అయినా 6 గంటలు, తల్లిపాలు తాగే బిడ్డకి 4 గంటలు, నీళ్ల లాంటి స్వచ్ఛమైన ద్రవాలైతే 2 గంటల ముందు వరకు. స్వచ్ఛమైన ద్రవం అంటే గ్లాసులో పోస్తే అవతలి వైపు కనబడేది: నీళ్లు, గుజ్జు లేని వడకట్టిన పండ్లరసం, పాలు కలపని టీ కాఫీ. పాలు ద్రవమే కదా అంటారు అందరూ. కడుపులోకి వెళ్లాక పాలు విరిగి గడ్డలవుతాయి, కడుపు దాన్ని ఆహారంగానే చూస్తుంది. ఉదయం ఆరింటికి రెండు గుక్కల పాల కాఫీ తాగి, ఎనిమిదింటికి బల్ల ఎక్కడానికి వచ్చి, అడిగితే నిజం చెప్పి, ఆపరేషన్ మధ్యాహ్నానికి జరిగినవాళ్లని ఎంతమందినో చూశాను. వాళ్లు చెప్పినందుకు నేను ప్రతిసారీ థాంక్స్ చెప్పాను. మీ నాన్నగారు ఏమైనా తిన్నా, తాగినా, అది ఎంత చిన్నదైనా చెప్పేయమనండి. వాయిదా పడితే పడుతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఐసీయూ.

రెండో వైపు తప్పు కూడా తక్కువేం కాదు. లిస్టులో మొదటి ఆపరేషన్ అనుకుని రాత్రి తొమ్మిదికి తిండీ నీళ్లూ ఆపేస్తారు, ముందు వేరే అత్యవసర కేసు వచ్చి మధ్యాహ్నం రెండు అవుతుంది. పదిహేడు గంటలు గొంతు తడి లేకుండా కూర్చుంటారు. పెదవులు ఎండిపోయి, తలనొప్పితో, సూది పెట్టడానికి నరం దొరకదు, మత్తు ఇవ్వగానే బీపీ పడిపోతుంది, షుగర్ ఉన్నవాళ్లకి షుగర్ కూడా పడిపోవచ్చు. అందుకే అడ్మిషన్ కాగితం ఇచ్చేటప్పుడే మూడు మాటలు అడగండి: గట్టి ఆహారం ఏ టైముకి ఆపాలి, నీళ్లు ఏ టైముకి ఆపాలి, ఆపరేషన్ వెనక్కి జరిగితే నీళ్లు తాగొచ్చా? షుగర్ వాళ్లని ఉదయం మొదట్లోనే పెట్టమని అడగడంలో తప్పు లేదు, మామూలుగా అలాగే పెడతారు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఏళ్ల తరబడి షుగర్ ఉన్న కొందరికి కడుపు ఖాళీ అవడమే ఆలస్యం అవుతుంది, తిన్న నాలుగైదు గంటలకి కూడా నిండుగా ఉందంటారు, పుల్లటి త్రేన్పులు వస్తాయి. మీ నాన్నగారికి అలా ఉంటే చెప్పండి, పైన రాసిన గంటలు ఆయనకి సరిపోకపోవచ్చు. నేను రాసిన దానికీ మీ మత్తు డాక్టరు చెప్పినదానికీ తేడా ఉంటే ఆయన మాటే వినండి. ఇంటి దగ్గర ఆ ఉదయం వణుకు, చెమటలు, షుగర్ 70 కంటే తక్కువ కనిపిస్తే నియమం పట్టుకుని కూర్చోవద్దు, చక్కెర కలిపిన నీళ్లు ఇచ్చి వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పండి.

ఒళ్లు శుభ్రం గురించి ఒక్కటే గట్టిగా చెబుతాను: ఇంటి దగ్గర కడుపు మీద రేజర్ పెట్టొద్దు. శుభ్రంగా ఉంటుందని మంచి ఉద్దేశంతోనే ముందు రాత్రి గీసుకుని వస్తారు. రేజర్ కంటికి కనబడని గాట్లు పెడుతుంది, రాత్రంతా ఆ గాట్లలో క్రిములు పెరుగుతాయి. 1971లోనే ఒక పరిశోధనలో రేజర్‌తో గీసినవాళ్లలో 5.6 శాతం మందికి గాయం చీము పడితే, వెంట్రుకలు అసలు తీయనివాళ్లలో, క్రీముతో తీసినవాళ్లలో 0.6 శాతం మందికే పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2016లో గీయొద్దనే చెప్పింది, తప్పనిసరైతే ఆస్పత్రిలో క్లిప్పర్‌తో కత్తిరిస్తారు. ముందు రాత్రి లేదా ఆ ఉదయం సబ్బుతో స్నానం చేయించండి, బొడ్డు లోపల కూడా శుభ్రం చేయాలి, గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో ఒక రంధ్రం అక్కడే పెడతారు. తర్వాత పౌడరు, నూనె, లోషన్ రాయొద్దు. ఉంగరం ఇవాళే తీసి చూడండి. ఏళ్ల తరబడి వేలికి ఉన్నది ఆ ఉదయం రాదు, వేలు వాస్తే లోపలికి కోసుకుపోతుంది. సబ్బు నీళ్లతో రాకపోతే ముందే చెప్పండి.

ఇక ఆయన భయం. దీన్ని చివర్లో రాస్తున్నానని తక్కువ అనుకోవద్దు. 1964లో బోస్టన్‌లో ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టరు, ఆయన తోటివాళ్లు కడుపు ఆపరేషన్‌కి వచ్చిన 97 మందిలో సగం మందితో ముందు రోజు కూర్చుని, లేచాక నొప్పి ఎక్కడ ఉంటుంది, ఎలా ఉంటుంది, ఒళ్లు ఎలా వదులు చేసుకోవాలి, పక్కకి ఎలా తిరగాలి అని వివరంగా మాట్లాడారు. ఆ మాటలు విన్నవాళ్లకి నొప్పి మందు మిగతావాళ్లకి కావాల్సినదాంట్లో సగమే సరిపోయింది, సగటున 2.7 రోజులు ముందే ఇంటికెళ్లారు. మనం ఇంట్లో చేసేది దీనికి పూర్తిగా ఉల్టా. "ఏం కాదులే, చిన్న ఆపరేషనే, నొప్పే తెలియదు" అంటాం. లేచాక నొప్పి తెలిసేసరికి ఏదో తప్పు జరిగిందని ఆయన బెంబేలెత్తిపోతారు. నొప్పి ఉంటుంది, మందు ఇస్తారు, రంధ్రాలతో చేస్తే లోపలికి ఎక్కించిన గ్యాసు వల్ల భుజం దగ్గర కూడా రెండు రోజులు నొప్పి రావొచ్చు, అది గుండె నొప్పేమోనని భయపడకుండా సిస్టర్‌కి చెప్పు నాన్నా అని ముందే చెప్పండి. స్టెంట్ ఉన్న మనిషికి ఈ భుజం నొప్పి సంగతి ముందే తెలియకపోతే ఆ రాత్రి ఎంత టెన్షన్ పడతారో ఊహించుకోండి. గొంతు కాస్త గరగర ఉంటుంది, గొట్టం వేస్తారు కాబట్టి. పేరు, పుట్టిన తేదీ, ఏ ఆపరేషన్ అని నలుగురైదుగురు మళ్లీ మళ్లీ అడుగుతారు, వీళ్లకి ఏం తెలియదా అని కంగారు పడొద్దని చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన భద్రతా చెక్‌లిస్టులో భాగం అది. ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో దాన్ని పాటించి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అడిగిన ప్రతిసారీ తలూపకుండా నోటితో పూర్తిగా చెప్పమనండి.

ఆయనకి వినికిడి మిషన్ ఉంటే అది తీసి మీ చేతికి ఇచ్చేయకుండా థియేటర్ లోపలిదాకా ఉంచమని అడగండి. ఒకావిడ గుర్తొస్తారు నాకు. మిషన్ వార్డులోనే తీసేశారు, కళ్లద్దాలు కూడా. మాస్కులు కట్టుకున్న మనుషులు ఏదో అంటున్నారు, ఆమెకి పెదవులు కనబడవు, మాట వినబడదు, బల్ల మీద వణికిపోతూ నా చేయి వదల్లేదు. ఆ రోజు నుంచి నేను ప్రతి ఒక్కరికీ మిషన్ ఆఖరి నిమిషం దాకా ఉంచుతాను, కట్టుడు పళ్లు, కాంటాక్ట్ లెన్సులు మాత్రం ముందే తీయిస్తాను.

ఇంటికి వచ్చాక మొదటి 24 గంటలు పక్కన ఒక పెద్దవాళ్లు ఉండేలా ఇప్పుడే ఎవరో తేల్చుకోండి, ఆ రోజు బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలూ వద్దు. ఈ 12 రోజుల్లో జ్వరం, దగ్గు, కళ్లె, మూత్రంలో మంట, ఒంటి మీద ఎక్కడైనా చీము, ఛాతీలో నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఆపరేషన్ రోజు దాకా ఆగకుండా అప్పుడే ఫోన్ చేయండి. కళ్లు పచ్చబడినా, చలి జ్వరంతో కడుపు నొప్పి ఎక్కువైనా ఫోన్ కూడా కాదు, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి, గాల్‌బ్లాడర్ రాయి జారి దారికి అడ్డుపడి ఉండొచ్చు. ముందు ఆ స్టెంట్ మందుల ఫోన్ చేయండి. మాత్రల పేర్లు, మిల్లీగ్రాములతో సహా ఇక్కడ రాస్తే, దేని గురించి ఎవరిని అడగాలో ఒక్కొక్కటిగా చెబుతాను.